మెట్టుకో రూపాయి: మా పాప కోసం రెండు దారుల్లో తిరుమల నడక

తిరుమలకు నడిచి వెళ్లే రెండు దారులూ ఎక్కాలి, తెలిసినవాళ్ల దగ్గర మెట్టుకో రూపాయి చొప్పున పోగుచేయాలి, ఆ డబ్బు రోగుల వైద్యానికి ఇవ్వాలి. మేము పెట్టుకున్న ఛాలెంజ్ ఇదీ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అంటే ఒక్కొక్కరి వాటా 5,938 రూపాయలు. అంత ఇవ్వలేనివాళ్లు మెట్టుకు పావలా అన్నారు, అదీ తీసుకున్నాం.

మా పాప గుండెలో లోపంతో పుట్టింది. బారసాల కూడా కాకముందే పోయింది. అంత చిన్న పిల్లలను మా వైపు పూడ్చిపెడతారు. కర్మ ఉండదు, తద్దినం ఉండదు. కాబట్టి దాన్ని తలుచుకోవడానికంటూ మాకో రోజు లేదు. కడుపులోనో, పుట్టిన కొన్నాళ్లకో పోయిన పిల్లల కోసం చాలా దేశాల్లో అక్టోబర్ 15ను పాటిస్తారని తెలిసి, ఆ వారమే పెట్టుకున్నాం. మా అత్తకు ఇది నచ్చలేదు. "నడక అంటే మొక్కు కదమ్మా, దానికి మెట్ల లెక్కన వసూలేంది?" అంది. మొక్కుకోవడానికి నా దగ్గర కోరికేం మిగల్లేదత్తా అన్నాను. ఆమె ఇంకేం అనలేదు.

ముందు బస సంగతి. తిరుపతిలో బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, రెండూ టీటీడీవే. ముందే ఆన్‌లైన్‌లో దొరికితే ఇంకెక్కడా చూడనక్కర్లేదు. మాకు దొరకలేదు. ఒక ప్రైవేటు లాడ్జిలో దిగితే, 24 గంటలని చెప్పి డబ్బు కట్టించుకుని, తాళం చేతికిచ్చాక మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలన్నారు. వేడినీళ్లు పొద్దున కాసేపే. పిక్కలు పట్టేసి కొండ దిగొచ్చినవాళ్లకు ఏసీ కన్నా వేడినీళ్లే ముఖ్యం. అడిగి మరీ దిగండి.

అలిపిరిలో లగేజీ ఇచ్చేస్తే ఉచితంగా కొండపైకి చేరుస్తారు, రసీదు మాత్రం జాగ్రత్త. గాలిగోపురం వరకే అసలు కష్టం, ఎక్కువ మెట్లు అక్కడే అయిపోతాయి. ఆ తర్వాత దారి చాలావరకు సాఫీ, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ నిటారు. దాదాపు దారంతా పైన కప్పు ఉంది, మంచినీళ్లకు, టాయిలెట్లకు కొదవ లేదు. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్లుంటారు. లెక్క తప్పకుండా ఎక్కాలంటే వాళ్ల వెనకే నడవడం మేలు. మా ఆడపడుచు లెక్క చూసుకుంది, నేను నడిచానంతే.

2023 ఆగస్టులో ఈ దారిలోనే ఒక ఆరేళ్ల పాపను చిరుత పొట్టనబెట్టుకుంది. అప్పటి నుంచి చిన్నపిల్లలతో ఏ వేళ దాకా ఎక్కవచ్చో ఆంక్షలున్నాయి. వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు కనుక్కోండి. నరసింహస్వామి గుడి వైపు నడుస్తున్నంతసేపూ ఆ తల్లే మనసులో మెదిలింది. తన బిడ్డను ఆరేళ్లు పెంచుకుంది.

శ్రీవారి మెట్టుకు శ్రీనివాసమంగాపురం మీదుగా వెళ్లాలి. దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, కానీ దాదాపు అంతా ఎక్కుడే. 2021 నవంబర్ వానలకు ఈ దారి బాగా దెబ్బతింటే, బాగుచేసి 2022 మేలో తెరిచారు. పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకే పంపిస్తారు. అంగళ్లు తక్కువ, జనం తక్కువ. పదిమందితో కలిసి, ఫోటోలు పెడుతూ, ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పుకుంటూ ఎక్కాలంటే అలిపిరే సరైనది. మొగుడూ పెళ్లామూ ఇద్దరే వెళ్లాలనుకుంటే శ్రీవారి మెట్టు. మా ఆయన పాప గురించి మాట్లాడింది ఈ దారిలోనే. అక్టోబర్‌లో మాత్రం రెండు దారులూ తడిసి జారుతుంటాయి. డేట్ మీద పట్టింపు లేకపోతే ఫిబ్రవరి మంచిది.

మాలాంటివాళ్లకు ఎవరూ ముందు చెప్పని మాట ఒకటి చెప్పాలి. పైన కల్యాణకట్ట దగ్గర పుట్టువెంట్రుకలు తీయించుకుని, గుండుకు గంధం పూసుకున్న పసివాళ్లు ఎటు చూసినా కనిపిస్తారు. ఏడాదిలోపు బిడ్డతో వచ్చిన తల్లిదండ్రులను సుపథం దగ్గర విడిగా దర్శనానికి పంపిస్తారు. మంచి ఏర్పాటే. నాకు మాత్రం అటు చూడటం కష్టమైంది. మీతో వచ్చినవాళ్లకు ముందే చెప్పి, వేరే వైపు నుంచి తీసుకెళ్లమనండి. నడిచి వచ్చినంత మాత్రాన దర్శనం త్వరగా అవుతుందనీ అనుకోవద్దు. 300 రూపాయల టికెట్ ముందే తీసుకుంటే టెన్షన్ ఉండదు. భోజనం వెంగమాంబ అన్నప్రసాద భవనంలో, ఉచితంగా, వేడిగా. అంత జనంలోనూ అడిగి అడిగి వడ్డించారు.

కొండ దిగాక అలిపిరి రోడ్డులో చిన్నపిల్లల గుండె ఆసుపత్రి శ్రీ పద్మావతి హృదయాలయం ముందు ఆటో ఆపించాం. 2021 అక్టోబర్‌లో మొదలైంది. మా పాప అంతకుముందే పుట్టింది. దాన్ని అంబులెన్సులో రాష్ట్రం దాటించి తీసుకెళ్లాల్సి వచ్చింది. లోపలికి వెళ్లలేదు, గేటు దగ్గరే కాసేపు నిలబడ్డాం. డబ్బు టీటీడీ శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టుకు ఆన్‌లైన్‌లోనే కట్టాం. పేదల గుండె, కిడ్నీ, మెదడు జబ్బుల వైద్యానికి వాడతారు.

మీరూ ఇలాంటిది చేసేటట్టయితే, డబ్బు ఎక్కకముందే తీసుకోండి. "ఎక్కిరా, ఇస్తాను" అన్నవాళ్లలో కొందరి దగ్గర ఇంకా రావాలి. అడగడానికి నాకు మొహమాటం, మా ఆడపడుచుకు లేదు. రోజూ ఫోన్లు చేస్తోంది.