చల్లని హాలు తెరవడమా, తలుపు తట్టడమా?

ఎండలు ముదిరితే స్థానిక ఆరోగ్య శాఖకు ముఖ్యంగా రెండు దారులు. ఏసీ హాలు తెరిచి జనాన్ని రమ్మనడం ఒకటి. సిబ్బందే ఇళ్లకు వెళ్లి పలకరించడం రెండోది.

హాలు తెరవడం తేలిక. లైబ్రరీయో, కమ్యూనిటీ హాలో ఉంటే త్వరగా సిద్ధమవుతుంది. ఇల్లు లేనివాళ్లకు ఇది నిజంగా ప్రాణాధారం. కానీ రాగలిగినవాళ్లే వస్తారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దావిడ ఆ ఎండలో బస్సు కోసం నిలబడగలదా?

2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి 619 మంది చనిపోయారు. వాళ్లలో 98 శాతం మందిని వేడి దెబ్బతీసింది నాలుగు గోడల మధ్యే. సగానికి పైగా ఒంటరిగా ఉండేవాళ్లు. ఈ లెక్క చదివినప్పటి నుంచి నా మొగ్గు తలుపు తట్టడం వైపే.

తలుపు తీయగానే చాలా తెలుస్తుంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయా? ఫ్యాను వేడిగాలినే తిప్పుతోందా? మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడుతున్నారా? మనిషి అయోమయంగా ఉండి మాట తడబడుతుంటే వడదెబ్బని అనుమానించాలి. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడపాలి. గోడకు అంటించిన పోస్టరు ఇవేవీ చేయలేదు.

సిబ్బంది చాలరన్నది నిజమే. అందుకే ఒంటరి వృద్ధుల జాబితా ఎండలు రాకముందే రాసిపెట్టుకోవాలి. 1995లో వేడికి 700 మందికి పైగా పోగొట్టుకున్న షికాగో, 1999లో రెండు పనులూ కలిపి చేసింది. చల్లని కేంద్రాలు తెరిచింది, వాటికి ఉచితంగా బస్సులు నడిపింది, ఒంటరి వృద్ధుల ఇళ్లకు మనుషుల్ని పంపింది. ఆ ఏడాది మరణాలు బాగా తగ్గాయి.