సెర్వావ్యాక్ టీకా: గొంతులో పులిపిర్లు చూసిన అమ్మగా నా మాట

సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావ్యాక్ మా పాపకు రెండు డోసులూ పూర్తయ్యాయి. దానికి పదేళ్లు. అందరూ దీన్ని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అంటారు. నన్ను క్లినిక్‌కి నడిపించింది మాత్రం మా పెద్దాడి గొంతు.

వాడికి నాలుగో ఏట గొంతు బొంగురుపోయింది. బాగా అరుస్తాడు కాబట్టి అన్నారు ఒకచోట. ఇంకోచోట ఆస్తమా అని ఏడు నెలలు ఇన్‌హేలర్ వాడించారు. ఒక రాత్రి నన్ను పిలుస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి, గాలి తప్ప మాట రావట్లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. ఈఎన్‌టీ సర్జన్ సన్న కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూపించారు. స్వరతంత్రుల మీద గులాబీ రంగు పులిపిర్లు, గుత్తులు గుత్తులుగా. హెచ్‌పీవీ అనే వైరస్‌లో 6, 11 రకాల వల్ల వస్తాయని, ఎక్కువగా కాన్పులో తల్లి నుంచే బిడ్డకు అంటుతుందని చెప్పారు. నాకెప్పుడూ ఏ లక్షణమూ లేదు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

తీసేసినా వైరస్ చుట్టూ ఉన్న కణజాలంలో మిగిలే ఉంటుంది, అందుకే మళ్లీ మొలుస్తాయి. ఇప్పటికి తొమ్మిది ఆపరేషన్లు.

ఆ క్యాన్సర్ టీకా పనిచేసేదీ ఈ హెచ్‌పీవీ మీదే. అందుకని టీకా కొనేటప్పుడు నేను చూసింది ఒక్కటే: 6, 11 ఉన్నాయా లేవా. సెర్వావ్యాక్‌లో 6, 11, 16, 18 ఉన్నాయి. సెర్వారిక్స్ అనే ఇంకో టీకాలో 16, 18 మాత్రమే. గార్డసిల్ 9లో తొమ్మిది రకాలు ఉన్నా ధర మాకు అందలేదు. సెర్వావ్యాక్‌కు డోసుకు రెండు వేలయింది. ఆరు నెలల తేడాతో రెండు డోసులు, చెయ్యి ఒక రోజు నొప్పి, అంతే. 2007లో ఇలాంటి టీకా ఆడపిల్లలకు మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలో, పిల్లల్లో ఈ జబ్బు కొత్త కేసులు 2012లో ఏడు ఉంటే 2016లో ఒక్కటే. రేపు మా పాప కనబోయే బిడ్డ గొంతు నాకు ఆ అంకెలో కనిపించింది.

నాకు నచ్చనిది ప్రచారం. క్లినిక్‌లో పోస్టర్ నిండా ఆడపిల్లలే, గొంతు మాటే లేదు. "బాబుకెందుకమ్మా?" అని నర్సు అడిగింది. 9 నుంచి 26 ఏళ్ల మగపిల్లలకూ దీనికి అనుమతి ఉంది. వాడికి కూడా వేయించమన్నది మా సర్జనే. ఉన్నవాటిని ఇది కరిగించదు, మళ్లీ రావడం కాస్త ఆలస్యమైతే చాలన్నదే ఆశ. వచ్చే నెల వాడికి మళ్లీ కెమెరా పరీక్ష ఉంది.