ఎస్పీ రోడ్డు క్లిప్పు లెన్సు: పేనుబంకని గుర్తుపట్టడానికి సరిపోతుందా?

ఫోన్‌కి తగిలించుకునే మాక్రో లెన్సు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక్కోటి 450 చొప్పున రెండు కొన్నాను, నాకొకటి, న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయికొకటి. వాడి ఇంటి ముందు నార్వే మేపుల్ ఉంది. దాని కింద పెట్టిన కారు తెల్లారేసరికి జిగురు జిగురు. "చెట్టు కారుతోంది నాన్నా" అన్నాడు. కారేది చెట్టు కాదురా, పేనుబంక అన్నాను. ఆకుల రసం పీల్చి జిగురు విసర్జించే చిన్న పురుగులవి. వ్యవసాయ శాఖలో పత్తి చేలు తిరిగినవాణ్ణి, ఆ మాత్రం ఫోన్లోనే చెప్పగలను. ఏ ప్రజాతో (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) చెప్పాలంటే మాత్రం పురుగు కనబడాలి.

డబ్బా మీద 60ఎక్స్ అని వేశాడు. ఉత్తమాట! 60 రెట్లంటే లెన్సు ఆకుకి 4 మిల్లీమీటర్ల దాకా దిగాలి. ఇది వేలి మందం దూరంలోనే తేటగా చూపిస్తోంది, అంటే మహా అయితే 15 రెట్లు. నిజానికి మన పనికి అంతే కావాలి.

ముందు మా బాల్కనీ మందారం మీద చూశాను. పత్తి పేనుబంకే, వీపు చివర జంట గొట్టాలు నల్లగా, స్పష్టంగా పడ్డాయి. తర్వాత అబ్బాయి పంపిన ఫొటోలు. ఒళ్ళంతా నూగు, గొట్టాలు పొట్టిగా మొద్దుగా, రెక్కల్లేని పెద్ద పురుగులు గుంపుగా ఉన్నాయి: పెరిఫిల్లస్ ప్రజాతి. గొట్టాలు పొడుగ్గా ఉండి, పిల్లల్ని కనే పెద్ద పురుగులన్నిటికీ రెక్కలుంటే డ్రెపనోసైఫమ్ అనుకునేవాణ్ణి. రెక్కల పురుగు వీపు మీద వేళ్ళలా బుడిపెలు లేచి ఉంటే డ్రెపనాఫిస్, అది అమెరికా మేపుల్స్ మీద మామూలే. పెరిఫిల్లస్‌లో కొన్ని జాతుల పిల్లలు ఎండాకాలమంతా ఎదగకుండా ఆకుకి అతుక్కుని ఉంటాయి, వాటిని చూసి పొలుసు పురుగనుకునే ప్రమాదం ఉంది. జాతి పేరు దాకా వెళ్ళాలంటే ఈ లెన్సు చాలదు, స్లైడు చేసి మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే.

క్లిప్పు మాత్రం దండగ. స్ప్రింగు వదులు, ఫోన్ కాస్త వంచితే లెన్సు పక్కకి జారుతుంది. మార్చమంటే "ఎక్స్ఛేంజ్ ఇల్ల సార్" అన్నాడు షాపువాడు. చెట్టు దగ్గరే నిలబడి తీస్తే గాలికి ఆకు ఊగి ఫొటో చెడిపోతుంది. ఆకు తుంచి తెల్లకాగితం మీద పెట్టి తీయండి.

మూడు స్టార్లు. కొనేవాళ్ళు స్క్రూ బిగించే క్లిప్పున్నది అడగండి. 100 ఎక్కువ చెప్తాడు, బేరమాడితే సగానికి దిగుతాడు.