సాన్ ఫ్రాన్సిస్కోలో హవాయి భోజనం: టాంగా రూమ్ నుంచి లిహోలిహో యాట్ క్లబ్ దాకా

సాన్ ఫ్రాన్సిస్కో నగరంలో హవాయి పేరుతో దొరికే భోజనం మూడు తీరులుగా కనిపిస్తుంది. నోబ్ హిల్ అనే కొండ మీది ఫెయిర్‌మాంట్ హోటల్‌లో ఉన్న టాంగా రూమ్ వంటి పాతకాలపు వినోదశాలలు మొదటి తీరు. ఆఫీసులుండే వీధుల్లో మధ్యాహ్నం పూట గిన్నెలో అన్నం వేసి, పైన పచ్చి చేప ముక్కలూ మనం కోరిన కూరగాయలూ పరచి ఇచ్చే పోకే దుకాణాలు రెండవ తీరు. ఆ దీవులలో పుట్టి పెరిగినవారు తమ ఇళ్ళలో తిన్న రుచులను మహానగరపు భోజనశాల పద్ధతిలో వడ్డించే ఆధునిక రెస్టారెంట్లు మూడవవి. వీటిలో బాగా పేరున్నది సట్టర్ వీధిలో 871వ నంబరు భవనంలో 2015లో మొదలైన లిహోలిహో యాట్ క్లబ్. రాజమండ్రి నుంచి వచ్చిన మా అక్కయ్యనూ బావగారినీ ఫ్రీమాంట్ నుంచి నగరానికి తీసుకువెళ్ళినప్పుడు, మొదటిదాన్నీ మూడవదాన్నీ ఒకే సాయంత్రం చూసే వీలు కలిగింది. ఈ రెండింటి మధ్య నడక దూరం పది నిమిషాలకు మించదు గాని, హవాయిని చూసే చూపులో మాత్రం వాటి మధ్య చాలా దూరం ఉంది.

టాంగా రూమ్ ఉన్న స్థలం ఒకప్పుడు ఈతకొలను. 1929లో హోటల్‌లో కట్టిన ఆ కొలనును 1945లో పసిఫిక్ దీవుల వేషం వేసి పానశాలగా మార్చారు. కొలను అలాగే ఉంది. దాని మధ్యన తేలే పడవ మీద సంగీత బృందం కూర్చుని పాడుతుంది, కొంతసేపటికొకసారి ఉరుముల చప్పుడు వినిపించి నీటి మీద కృత్రిమ వర్షం కురుస్తుంది. మా బావగారు ఆ వర్షాన్ని చిన్నపిల్లవాడిలా ఆనందించారు, ఆనందించదగినదే కూడాను. అయితే అక్కడి పసిఫిక్ అంతా రెండవ ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఊహించుకున్న పసిఫిక్. ఇటువంటి చోట్ల అందరూ అడిగే మాయ్ టాయ్ అనే పానీయం సైతం హవాయిలో పుట్టలేదు. 1944లో సాన్ ఫ్రాన్సిస్కోకు ఎదురుగా ఉన్న ఓక్లండ్‌లో, ట్రేడర్ విక్‌గా పేరుపడ్డ విక్టర్ బెర్జెరాన్ రమ్ము, నిమ్మరసం, బాదం పానకం, నారింజ లిక్కర్ కలిపి దానిని తయారుచేశారు. 1953లో ఆయనే దానిని హొనొలులూలోని రాయల్ హవాయియన్ హోటల్‌కు తీసుకువెళ్ళారు. కాబట్టి టాంగా రూమ్‌ను చూడవలసిన చోటుగానే భావించి, ఒక పానీయం తాగి, వర్షం చూసి బయటికి రావడం మంచిది. భోజనానికి కొండ దిగి సట్టర్ వీధికి వెళ్ళాలి.

ఆ భోజనం దేని నుంచి పుట్టిందో తెలిస్తే పళ్ళెంలోని వస్తువులకు అర్థం దొరుకుతుంది. హవాయి చెరకు తోటలకు 1852లో చైనా నుంచి, 1868లో మొదటిసారిగానూ 1885 నుంచి పెద్ద సంఖ్యలోనూ జపాన్ నుంచి, 1878లో పోర్చుగీసు దీవుల నుంచి, 1900లో ప్యూర్టో రికో నుంచి, 1903లో కొరియా నుంచి, 1906లో ఫిలిప్పీన్స్ నుంచి కూలీలను రప్పించారు. వారు ఒకరి టిఫిన్ డబ్బాలోని కూర ఒకరికి పెట్టుకుంటూ తిన్న తిండే నేటి హవాయి వంటకు పునాది. అన్నం పక్కన మాకరోనీ సలాడ్, దాని పక్కన సోయా పులుసులో ఊరిన మాంసం ఉండే ప్లేట్ లంచ్ ఆ తోటల నుంచే వచ్చింది. ఈ సంగతి చెప్పినప్పుడు బావగారు చాలాసేపు మౌనంగా ఉండి, తమ గోదావరి జిల్లాల నుంచి చెరకు తోటలకు వెళ్ళినవారి గురించి మాట్లాడారు. మారిషస్‌లో తెలుగు కూలీలను, వారు ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరుతోనే పిలిచేవారు. మనవారు హవాయి తోటలకు వెళ్ళకపోయినా, ఆ పళ్ళెం వెనుక ఉన్న కష్టం మనకు పరాయిది కాదు.

లిహోలిహో యాట్ క్లబ్‌ను స్థాపించిన వంటవారు రవి కపూర్. ఆయన ఓవాహూ ద్వీపంలో పెరిగారు. తల్లి వైపు హవాయి, చైనా మూలాలు, తండ్రి వైపు భారతీయ మూలాలు ఉన్నాయి. ఈ నగరంలోనే బులెవార్డ్, ప్రాస్పెక్ట్ అనే పెద్ద రెస్టారెంట్లలో పనిచేసిన తరువాత సొంత భోజనశాల తెరిచారు. పూర్వం మౌయీ ద్వీపంలో ఆయన బంధువులు పడవ పందేల ఖర్చుల కోసం చందాలు కూడగట్టడానికి విందులు పెట్టేవారట. ఆ విందుల పేరే దీనికి పెట్టారు. లిహోలిహో అనేది రెండవ కమేహమేహ రాజుగారి పేరు కూడా. ఆడవారూ మగవారూ కలిసి భోజనం చేయకూడదనీ, ఆడవారు పంది మాంసం, కొబ్బరి, అరటిలో చాలా రకాలు ముట్టకూడదనీ ఉన్న పాత కట్టుబాటును, 1819లో స్త్రీలతో కలిసి విందులో కూర్చుని తెంచివేసిన రాజు ఆయన. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని పళ్ళేలు పంచుకునే చోటికి ఇంతకంటె తగిన పేరు దొరకదని నాకు అనిపించింది.

లోపల తాటాకు కప్పు గాని, చెక్కబొమ్మలు గాని, ప్లాస్టిక్ పూలమాలలు గాని లేవు. గోడ మీద రవి కపూర్ తల్లిగారి పెద్ద ఛాయాచిత్రం ఉంది. వంటగది తెరిచి ఉండడం వల్ల పొయ్యి దగ్గరి పని అంతా కూర్చున్నచోటి నుంచే కనబడుతుంది. వడ్డించినవారు మమ్మల్ని తొందరపెట్టలేదు. ఏ వంటకంలో ఏమి పడుతుందో బావగారు అడిగిన ప్రతి ప్రశ్నకూ లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి మరీ జవాబు చెప్పారు. మంచి సేవకు నేను పెట్టుకున్న మొదటి గుర్తు ఇదే.

మొదట తెప్పించుకున్నది ట్యూనా పోకే. చేపను ముక్కలుగా కోసి సముద్రపు ఉప్పు, నాచు, కుకుయి అనే చెట్టు గింజలను వేయించి నూరిన పొడి కలిపి తినడం హవాయి ఆదివాసుల పద్ధతి. సోయా, నువ్వుల నూనె ఆసియా కూలీలతో వచ్చి చేరాయి. ఇక్కడ ఆ ట్యూనాను నువ్వుల నూనెతో కలిపి, ముల్లంగితో పాటు, కరకరలాడే నాచు అప్పడాల మీద పెట్టి ఇస్తారు. చేప చల్లగా, మెత్తగా ఉండగా కింద అప్పడం విరిగే చప్పుడు, ఆ వెనుక వచ్చే నువ్వుల వాసన, చివర నాలుక మీద మిగిలే ఉప్పదనం, ఇవన్నీ ఒకే ముద్దలో అందాయి. పచ్చి చేప అనగానే వెనకాడిన అక్కయ్య ఒక ముక్క రుచి చూసి, రెండవ అప్పడం తనంతట తానే తీసుకుంది. దుకాణాల్లో గిన్నె నిండా పది రకాల సాసులు పోసి ఇచ్చే పోకేకూ దీనికీ ఉన్న తేడా అక్కడ తేలిపోయింది: అక్కడ చేప రుచి సాసుల కింద దాగిపోతుంది, ఇక్కడ మిగతావన్నీ చేపకు తోడుగా నిలుస్తాయి.

ఈ భోజనశాలకు ఎక్కువ పేరు తెచ్చినది, గసగసాలు చల్లిన ఆవిరి రొట్టెలో పెట్టే ఆవు నాలుక. మేము గొడ్డు మాంసం తినము కనుక దానిని తెప్పించుకోలేదు. అనాసతో వడ్డించిన పంది మాంసం నేనొక్కడినే తిన్నాను. కొవ్వు కరిగి పైపొర పెళుసుగా వేగిన ఆ ముక్కలకు అనాస పులుపు సరిగ్గా అతికింది. అనాస దక్షిణ అమెరికా పండు. 1901లో జేమ్స్ డోల్ హవాయిలో అనాస కంపెనీ పెట్టిన తరువాత డబ్బాల మీది బొమ్మగా అది హవాయికి గుర్తు అయింది. హవాయి పేరు పెట్టుకున్న పిజ్జాను 1962లో కెనడాలో కనిపెట్టారు. అందుచేత అనాస కనిపించిన చోటల్లా నేను కొంత అనుమానంగానే చూస్తాను. ఇక్కడ మాత్రం దానిని తీపికి గాక పులుపుకు వాడారు. మనం మాంసపు కూరలో చింతచిగురు వేసే ఉద్దేశం వంటిదే ఇదీ. యుద్ధకాలంలో అమెరికా సైన్యం వెంట వచ్చి దీవుల్లో స్థిరపడిన స్పామ్ అనే డబ్బా మాంసాన్ని ఇక్కడ సొంతంగా తయారుచేసి అన్నంలో వేయించిన సందర్భాలు కూడా ఉన్నాయి. పేదవారి తిండిని దాచిపెట్టకుండా, వెక్కిరించకుండా, శ్రద్ధగా వండి ముందుకు తేవడమే ఈ వంటలో నేను గౌరవించే గుణం. చివర తెప్పించిన బేక్డ్ హవాయి అనాస ఐస్‌క్రీమును గుడ్డు తెల్లసొన నురగతో కప్పి, పైభాగాన్ని మంటతో ఎర్రబరచిన మిఠాయి. మా అందరికీ ఒకటి చాలింది.

శాకాహారుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన కుటుంబాల్లో ఎవరో ఒకరు తప్పక ఉంటారు. హవాయి వంటలో కూరగాయల పళ్ళెంలో సైతం చేపల సాసు, ఎండు రొయ్యలు, ఎండు చేప పొరలు కలిపిన నాచుపొడి పడే అవకాశం ఎక్కువ. మెనూలో మాంసం పేరు లేనంత మాత్రాన అది శాకాహారం అనుకోకూడదు. చేపల సాసు, ఆయిస్టర్ సాసు, మాంసపు రసం, గుడ్డు, వీటిలో ఏది వద్దో ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పాలి. రిజర్వేషన్ చేసే రోజే రాసి పంపితే ఇంకా నయం. బావగారు గుడ్డు తింటారు కనుక ఆయనకు కూరగాయలు, అన్నం, మిఠాయి కుదిరాయి. గుడ్డు కూడా ముట్టనివారిని, ఉల్లి వెల్లుల్లి మానినవారిని ఇటువంటి భోజనానికి తీసుకువెళ్ళడం ఎవరికీ సుఖం కాదు. ఆ ఖర్చుతో వారికి నచ్చిన చోట ఇంతకంటె మంచి భోజనం పెట్టవచ్చు.

హొనొలులూ వెళ్ళినవారు ఒక ప్రశ్న అడుగుతారు: ఇది అసలు హవాయి భోజనమేనా? అక్కడి కలీహి ప్రాంతంలో 1946 నుంచి నడుస్తున్న హెలెనాస్ హవాయియన్ ఫుడ్‌లో నేను లోగడ తిన్నాను. చేమ ఆకుల్లో చుట్టి ఉడికించిన మాంసం, చేమదుంపను ఉడికించి దంచిన పోయ్, కొబ్బరి పాలతో చేసిన హవుపియా, ఇవి దీవుల మొదటి వాసుల తిండి. చేమ ఆకు, కొబ్బరి తెలిసిన మనకు అవి ఎంతో దగ్గరగా తోస్తాయి. ఆ తిండి కోరేవారు సాన్ ఫ్రాన్సిస్కోలో దానిని వెదకకుండా కలీహికే వెళ్ళాలి. సట్టర్ వీధి వంట వేరే వరుసకు చెందుతుంది. రాయ్ యమగుచి 1988లో హొనొలులూ శివారులో తెరిచిన రాయ్స్, 1991లో ఆయనా, అలన్ వాంగ్, శామ్ చోయ్, పీటర్ మెరిమన్ తదితరులూ కలిసి పన్నెండుమంది మొదలుపెట్టిన హవాయి ప్రాంతీయ వంట ఉద్యమం దానికి పూర్వరంగం. విమానాల్లో వచ్చిన సరుకుతో యూరోపియన్ భోజనం వండుతున్న హోటళ్ళను అక్కడి రైతుల, జాలరుల వైపు మళ్ళించిన ఘనత ఆ తరానిది. ఆ తరువాతి తరం ఇంటి వంటను ఇంకా నిస్సంకోచంగా బల్ల మీదికి తెచ్చింది.

ఇక ఖర్చు. మద్యం లేకుండా మనిషికి పన్ను, టిప్పు కలుపుకుని 80 నుంచి 100 డాలర్ల దాకా సిద్ధపడి వెళ్ళడం మంచిది. నగరంలో అమ్మకపు పన్ను 8.625 శాతం, టిప్పు 20 శాతం మామూలయింది. సిబ్బంది ఆరోగ్య బీమాకు సంబంధించిన నగర చట్టం పేరుతో చాలా భోజనశాలలు కొంత శాతం సర్‌చార్జి కూడా వేస్తాయి. 2024 జూలై నుంచి దాపరికపు రుసుములను కాలిఫోర్నియా నిషేధించినా, మెనూలో స్పష్టంగా చూపిస్తే రెస్టారెంట్లు సర్‌చార్జి వేసుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు. బిల్లులో సేవా రుసుము ముందే కలిపి ఉందేమో చూసుకోకుండా మళ్ళీ టిప్పు రాసేవారిని నేను తరచూ చూస్తుంటాను. కొత్తగా వచ్చిన పెద్దలకు బిల్లు చూపించి ఈ లెక్క ఒకసారి వివరించడం అవసరం.

ఆ రాత్రి మేము యూనియన్ స్క్వేర్ దగ్గరి ఒక పాత భవనంలోని హోటల్‌లో దిగాము. బుకింగ్‌లో చూసిన ధరకు 14 శాతం నగరపు హోటల్ పన్ను, దానిపై మరికొన్ని చిల్లర పన్నులు కలిశాయి; ఇది అంతటా ఉన్నదే. గది ఇరుకు, లిఫ్టు ఒక్కటే, వీధి చప్పుడు తెల్లవారేదాకా వినబడింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారితో వెళ్ళేవారు చదునుగా, ప్రశాంతంగా ఉండే జపాన్‌టౌన్ వైపు బస చూసుకుంటే మేలు. అక్కడి నుంచి గేరీ వీధి మీదుగా వచ్చే 38వ నంబరు బస్సు ఎక్కితే, సట్టర్‌కు మూడు వీధుల దూరంలో దిగవచ్చు.

కారులో రావాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: సీట్ల మీద సంచీ గాని, చార్జరు గాని ఏదీ ఉంచకూడదు. అద్దాలు పగలగొట్టే దొంగతనాలకు ఈ నగరం పేరుపడింది. ఫ్రీమాంట్, మిల్పీటస్ వైపు నుంచి బార్ట్ రైలులో వచ్చి పవెల్ స్టేషనులో దిగితే సట్టర్ వీధికి పావుగంట పైన నడక. దారి కొంత ఎత్తు ఎక్కాలి, రాత్రిపూట అంత క్షేమం కాని టెండర్‌లాయిన్ ప్రాంతపు అంచు ఒకవైపు తగులుతుంది కనుక చీకటి పడ్డాక పెద్దలతో అయితే టాక్సీ పిలవడమే నయం. రైళ్ళు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి, పొద్దుపోయాక దారిలో రైలు మారవలసి రావచ్చు కూడా. రెండు, మూడు వారాల ముందుగా సాయంత్రపు మొదటి వేళకే బల్ల రిజర్వు చేసుకుంటే ఈ ఇబ్బందులన్నీ తప్పుతాయి. జనం నిండకముందు ఒకరి మాట ఒకరికి వినబడుతుంది, తిరుగు రైలు కోసం మిఠాయిని వదులుకోవలసిన పని ఉండదు.