గోడలో దాక్కున్న డైవర్టర్‌తో మా కాపురం

కన్సీల్డ్ డైవర్టర్ మీద నాకు కోపం ఉంది, ఆ సంగతి ముందే చెప్పేస్తాను. అది గోడలో పూడ్చి పెట్టే ఫిట్టింగు, వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపి పైన షవరుకో, బకెట్టు నింపే కింది స్పౌట్‌కో మళ్ళిస్తుంది. వంటిల్లూ రెండు బాత్రూములూ పగలగొట్టించి కొత్తగా చేయించుకున్నాం. బాగున్నవి చాలానే ఉన్నాయి, వాటి ఊసూ వస్తుంది. కానీ ఎవరైనా ఫోన్ చేసి "మేమూ రీమోడలింగ్ పెట్టుకున్నాం, ఫిట్టింగులు ఏవి తీసుకున్నారు?" అనగానే నా నోటి వెంట ముందొచ్చేవి దాని మీద తిట్లే.

మాది హైదరాబాదులో నిజాంపేట వైపు పాత అపార్ట్‌మెంటు, చివరి అంతస్తు. వాడకానికి బోరు నీళ్ళు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. మునిసిపల్ నీళ్ళు తాగడానికీ వంటకీ సరిపోతే అదే గొప్ప. ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య, కాలేజీకి వెళ్ళే పిల్లలిద్దరు. నేను రాసేదంతా ఈ ఇంటి లెక్క. మంచి నీళ్ళున్న ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇందులో సగం అక్కర్లేకపోవచ్చు.

షోరూములో చూస్తే డైవర్టర్ ముచ్చటగానే ఉంటుంది. గోడకి ఒక గుండ్రటి ప్లేటు, ఒక లీవరు, అంతే. పైపులు కనపడవు, గోడ శుభ్రంగా ఉంటుంది. అందులోనూ మేం తీసుకున్నది మ్యాట్ బ్లాక్. బూడిద రంగు టైళ్ళ మీద ఆ నలుపు ఎంత బాగుండేదంటే, వచ్చిన చుట్టాలకి హాలు కన్నా ముందు బాత్రూమే చూపించేదాన్ని. అమ్మిన అబ్బాయి రంగుల గురించి గంటసేపు చెప్పాడు. మీది ఎన్నో అంతస్తు, నీళ్ళెక్కడివి అన్న ప్రశ్నలు మాత్రం అతనికి తట్టనే లేదు.

అంతస్తు సంగతి స్నానానికి దిగిన మొదటిరోజే తేలింది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ళకి దాదాపు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు అడుగు షవర్ కన్నా మూడు మీటర్లు కూడా ఎత్తులో లేదు, అంటే 0.3 బార్ కూడా రాదు. పళ్ళెమంత రెయిన్ షవర్ కింద నిలబడితే వాన వెలిశాక చూరు కారినట్టు కారేది. మేడ మీద ప్రెషర్ పంపు పెట్టించాక దారికొచ్చింది. కింది అంతస్తుల వాళ్ళకి ఈ ఖర్చు ఉండదు, మాకు తప్పలేదు. పంపు మోత కూడా అలవాటైపోయింది.

నీళ్ళ సంగతి తేలడానికి ఇంకా టైం పట్టింది. తాగే నీళ్ళకి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే ఆ 600 కూడా దాటాయి. ఇవి తాగే నీళ్ళు కావు కాబట్టి ఒంటికేం కాలేదు, జుట్టు మాత్రం పీచులా తయారైంది. ఇలాంటి నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బనేట్లు గీజర్లో కాగగానే విడిపోయి సున్నంలా పేరుకుంటాయి. గీజరు కాయిల్‌కి పట్టే తెల్ల పెచ్చులు అవే. అక్కడ ఆగనిదంతా వేడినీళ్ళ పైపు వెంట డైవర్టర్లోకి చేరుతుంది. లీవరు తిప్పితే నీళ్ళు వదిలేదీ కట్టేసేదీ అందులోని కార్ట్రిడ్జ్. దాని లోపల నున్నటి సిరామిక్ బిళ్ళలు ఒకదానికొకటి ఆనుకుని జరుగుతుంటాయి. వాటి మధ్యకి నలుసు వెళ్ళిందంటే ఇక జారవు, సరిగా మూసుకోవు కూడా.

ముందు లీవరు బిగుసుకుంది. వేడి వైపు తిప్పాలంటే పిల్లలు రెండు చేతులూ వాడేవాళ్ళు. తర్వాత కట్టేసినా కింది స్పౌట్ నుంచి చుక్కచుక్క పడేది. రాత్రి బకెట్టు పెడితే తెల్లారేసరికి నిండేది. అత్తయ్య ఆ నీళ్ళు బాల్కనీలో తులసికోటకి పోయించి, "పోన్లే అమ్మాయ్, దండగైతే పోలేదు" అనేది. వానలు మొదలయ్యాక పడగ్గదిలో వార్డ్‌రోబ్ తెరిస్తే ముక్కిపోయిన వాసన. వానాకాలం కదా, సహజమే అన్నారు మావారు. ఒకరోజు పట్టుచీరల అర సర్దుదామని లోపలికి చెయ్యి పెడితే వెనక ప్లైవుడ్ ఉబ్బి, లామినేట్ అంచు పైకి లేచి గీరుకుంది. ఆ గోడకి అవతల ఉన్నది మా షవరే.

బయట కారే చుక్క కంటికి కనపడుతుంది కాబట్టి బకెట్టయినా పెడతాం. ఇది లోపల పైపు జాయింటు దగ్గర కారుతోంది. బిగుసుకున్న లీవరుని బలంగా తిప్పీ తిప్పీ బాడీ కదిలి జాయింటు వదిలిందని తర్వాత ప్లంబర్ చెప్పాడు. ఎన్నాళ్ళుగా కారుతోందో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఇటుక తాగినన్ని తాగి, మిగిలినవి చీరల వైపు పంపింది.

కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. వారంటీ కార్ట్రిడ్జ్‌కి ఉందట, ఉప్పు పేరుకుని పాడైతే లేదట. గోడ పగలగొట్టడం, టైలు వేయడం, కూలీ అన్నీ మనవే. అసలు దెబ్బ చివర్లో కొట్టాడు: మా మోడల్ ఆపేశారు. కొత్త మోడల్ ప్లేటు మా పాత బాడీకి పట్టదు, పాత కార్ట్రిడ్జ్ స్టాకులో లేదు. వారంటీ కార్డు ముందువైపు పదేళ్ళు అని పెద్ద అంకెలతో ఉంది. ఆయన చెప్పినవన్నీ వెనకవైపు ఉన్నాయి, చత్వారపు అద్దాలు పెట్టుకుంటే కనిపించాయి.

ఇక మిగిలింది గోడ పగలగొట్టడం. గోడ టైళ్ళు అటక మీద రెండే మిగిలాయి. కొట్టుకెళ్తే అదే కంపెనీ, అదే డిజైను దొరికింది కానీ పెట్టె మీద షేడ్ నంబరు వేరు. ఇంటికి తెచ్చి ఆనించి చూస్తే ఒక పిసరు నీలం ఎక్కువ. పది టైళ్ళు మారిస్తే అతుకేసిన లుంగీ కట్టుకున్నట్టే ఉంటుందని మావారు, మొత్తం గోడ మార్చేద్దామని అబ్బాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు, ఎప్పటి నుంచో ప్లంబింగ్ చేస్తున్నాడు. ఆయన వచ్చి షవరు దగ్గర గోడని వేళ్ళతో తట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చి, తిన్నగా పడగ్గదిలోకి వెళ్ళి వార్డ్‌రోబ్ తలుపు తీశాడు. "అమ్మా, చీరలు తీసి మంచం మీద పెట్టుకోండి. టైలు జోలికి పోను, ఇటు నుంచి తీస్తా" అన్నాడు. మధ్యది నాలుగంగుళాల గోడ. డైవర్టర్ వీపు పడగ్గది ప్లాస్టరింగుకి చాలా దగ్గరగా ఉంది. ఉబ్బిన ప్లైవుడ్ ఎలాగూ పోయేదే, దాన్ని చదరంగా కోసేశాడు. ఉలీ సుత్తీతో ఇటుకలు ఒలిచి కంత చేశాడు. పైపులు కోసి ఆ ఇత్తడి బాడీని బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. వేడినీళ్ళు వచ్చే రంధ్రంలోకి మామూలుగా అయితే చిటికెనవేలు పడుతుంది. ఇప్పుడు చీపురుపుల్ల పట్టేంత సందు మిగిలింది. చుట్టూ తెలుపూ పసుపూ కలిసిన రాయి, గోరుతో గీకితే గోరే అరిగింది.

కొత్త డైవర్టర్ పెట్టాలా అని అడిగాడు. వద్దన్నాను. అదే కంతలోంచి పైపులు మార్చి, టైలుకి గుండ్రంగా కోసే హోల్‌సా బిట్టుతో రెండు చిల్లులు వేసి, గోడకి బయటే ఉండే మామూలు వాల్ మిక్సర్ బిగించాడు. దాని రెండు కాళ్ళ మధ్య దూరం 150 మిల్లీమీటర్లు, మేస్త్రీల లెక్కలో ఆరంగుళాలు. కంపెనీ ఏదైనా అదే కొలత, కాస్త తేడా వచ్చినా వంకర కనెక్టర్లు సర్దుకుంటాయి. అంటే రేపు ఇది పాడైతే వీధి చివర హార్డ్‌వేర్ కొట్టులో ఏది ఉంటే అది తెచ్చి స్పానరుతో మార్చేయొచ్చు. డైవర్టర్ తీసిన బొక్కకి స్టీలు ప్లేటు సిలికాన్‌తో అతికించాడు. మిక్సర్ వెనక పడింది కాబట్టి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. పడగ్గది వైపు కంతని మూసేయలేదు, వార్డ్‌రోబ్ లోపల స్క్రూలు తీస్తే వచ్చే మూత పెట్టాడు. ఈ మొత్తం రీమోడలింగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన వస్తువు ఆ మూత అంటే అమ్మాయి నవ్వుతుంది.

రెండో బాత్రూము దగ్గరికొచ్చేసరికి అప్పట్లో డబ్బులు అయిపోయి, క్రోమ్ వాల్ మిక్సరే పెట్టాం. దానికీ ఇవే బోరు నీళ్ళు. అదీ బిగుసుకుంది. పిడితో పాటు తిరిగే లోపలి స్పిండిల్ మార్చారు, తాగమని ఇచ్చిన టీ చల్లారేలోపు పని అయిపోయింది.

నలుపు గురించి పైన అంత చెప్పాను కదా. అది పొడిగుడ్డతో తుడిచే ఓపిక ఉన్నంతకాలమే. మా నీళ్ళ చుక్క ఎక్కడ ఆరితే అక్కడ తెల్లటి వలయం పడుతుంది. క్రోమ్ మీద కూడా పడుతుంది కానీ అంతగా కనపడదు. నలుపులోనూ తేడాలున్నాయి. పీవీడీ పూత (శూన్యంలో లోహపు ఆవిరితో వేసే గట్టి పూత) వేసిన వాష్‌బేసిన్ నల్లా ఇప్పటికీ గీత లేకుండా ఉంది. హెల్త్ ఫాసెట్‌ది పైపై రంగు, హుక్కుకి రాసుకునే చోట లోపలి ప్లాస్టిక్ తేలింది. కిరాణా కొట్టులో దొరికే నిమ్మఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, గుడ్డ తడిపి నల్లాకి కాసేపు చుట్టి ఉంచితే పొర వదులుతుంది. పనమ్మాయి యాసిడ్ సీసా తీసిందంటే మాత్రం నేను పరిగెత్తుకెళ్తాను. ఆ ఆవిరి తగిలినా చాలు, స్టీలు జాలీల మీద తుప్పు చుక్కలు లేస్తాయి.

బాత్రూము నేలకి మ్యాట్ యాంటీ స్కిడ్ టైలు అత్తయ్య కోసం వేశాం. ఆమె ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తుంది. మురికి మాత్రం గరుకులో కూరుకుంటుంది, బ్రష్షు లేనిదే రాదు. పిల్లలకి చెబితే వింటారా!

వంటింటి గురించి చెప్పడానికి గొడవలేం లేవు, అందుకే రెండు ముక్కల్లో తేల్చేస్తాను. గట్టు కోసం క్వార్ట్జ్ చూపించారు, రంగులు బాగున్నాయి. కానీ అది రాతిపొడిని రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురుతో కలిపి చేసేది, వేడి గిన్నె సరాసరి దింపితే రెజిన్ మాడి మచ్చ పడొచ్చు. మా ఇంట్లో కుక్కరు పొయ్యి మీంచి దిగేది గట్టు మీదకే. పాలరాయి అయితే చింతపండు పులుసు ఒలికినా, నిమ్మరసం పడినా మెరుపు పోతుంది. అందుకని మళ్ళీ మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటే వేయించాం. కింద అరలకి పాత వంటింట్లోంచి తీసిన కడప బండలే వాడేశారు మేస్త్రీలు, అవి ఇంకా నా తర్వాత కూడా ఉంటాయి.

సింకు మాత్రం సంతోషపెట్టింది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, మధ్యలో గోడ లేని ఒకే లోతైన తొట్టి. ఆవకాయ కలిపిన పెద్ద బేసిన్ అడ్డంగా పడుకోబెట్టి తోముకోవచ్చు. పాత రెండు గుంతల సింకులో పట్టక దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి కడగాల్సి వచ్చేది. మూలలు కాస్త గుండ్రంగా ఉన్నది చూసి తీసుకున్నాం. పదునైన మూలలున్న సింకు మా పక్కింట్లో ఉంది, వాళ్ళు పళ్ళు తోముకునే బ్రష్షుతో మెతుకులు తీస్తుంటారు. పొయ్యి వెనక టైళ్ళ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాం, తాలింపు చిందినా పసుపు మరక ఉండిపోదు. డబ్బులు కలిసొస్తాయని మిగతా గోడకి సిమెంటు గ్రౌట్ వేశాం, అక్కడ సందులన్నీ పసుపుకుంకాలతో కళకళలాడుతున్నాయి.

నీళ్ళ కఠినత్వం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అని చాలామంది అన్నారు. అపార్ట్‌మెంటు మొత్తానికి పెట్టాలంటే మా సంఘం మీటింగులో ఒప్పించాలి, అది ఎన్నికల్లో గెలవడం కన్నా కష్టం. మా ఒక్క ఫ్లాటుకే పెట్టుకోవచ్చు, కానీ అందులోని రెజిన్ పూసల్ని ఎప్పటికప్పుడు ఉప్పునీళ్ళతో కడుగుతుండాలి, మేడ మీద చోటు కావాలి. అది ఇంకా ఆలోచనలోనే ఉంది.

మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది. కృష్ణా నీళ్ళు, రెండో అంతస్తు. మా ఇల్లు చూసి ముచ్చటపడి ఇదే డైవర్టర్ పెట్టించుకుంది, ఇప్పటికీ ఒక వేలితో తిరుగుతుంది. దాన్ని తీసి పారెయ్యమని ఎలా చెప్తాను? దొరికితే ఒక కార్ట్రిడ్జ్ ఇప్పుడే కొని దాచుకోమన్నాను, ఆ గోడకి అవతల ఏముందో చూడమన్నాను. అవతల పక్క ఫ్లాటు వాళ్ళ పూజగది అట.