ఏఓపీ-వికీలో ఎడిటింగ్: నాలుగేళ్ల వాడకం తర్వాత గుంటూరు నుంచి ఒక సమీక్ష

గుంటూరులో విషాల గురించి మాట మొదలైతే మందు పేరుతోనే మొదలవుతుంది. మోనోక్రోటోఫాస్ తాగాడు, మిరపకు ఫిప్రోనిల్ కొట్టారు, పారాక్వాట్ ఒంటి మీద పడింది అంటాం. ఆ అలవాటుతో, విషాలు ఒంట్లో హాని చేసే దారులను అందరూ కలిసి రాసే ఏఓపీ-వికీ అనే వెబ్‌సైటులో రాయడానికి కూర్చుంటే మొదటి గంటలోనే దారి తప్పుతాం. అక్కడ మందు పేరు ఒక మూలన ‘స్ట్రెసర్’ అనే గడిలో ఉంటుంది. పేజీ అంతా శరీరం గురించే: ముందు ఏం చెడింది, దాని వల్ల ఏం చెడింది, మొదటిదే రెండోదానికి కారణమని చెప్పడానికి చేతిలో ఏముంది. నాలుగేళ్లు వాడాక నాకు కలిగిన నమ్మకం ఏమిటంటే, టాక్సికాలజీ చదివే పీజీ విద్యార్థికి ఆ మూడో ప్రశ్న అడగడం నేర్పే చోటు దీన్ని మించి ఇంకోటి లేదు.

తెలియనివారి కోసం క్లుప్తంగా. ఏఓపీ (అడ్వర్స్ అవుట్‌కమ్ పాత్‌వే) అంటే ఒక రసాయనం అణుస్థాయిలో కలిగించే మొదటి మార్పు నుంచి, అంచెలంచెలుగా, జీవికో దాని సంతతికో కలిగే హాని దాకా ఉండే దారి. ఈ భావనకు 2010లో ఆంక్లీ బృందం రాసిన పత్రం పునాది వేసింది. 2014 సెప్టెంబరులో దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ, యూరోపియన్ కమిషన్ వారి పరిశోధన కేంద్రం జేఆర్‌సీ, అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ, అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ పరిశోధన విభాగం కలిసి ఈ వికీని అందరికీ తెరిచాయి. చదవడానికి ఖాతా అక్కర్లేదు. రాయాలంటే నమోదు చేసుకుని, రచయితగా అనుమతి అడగాలి.

మన జిల్లాకు బాగా దగ్గరి ఉదాహరణ 16వ నంబరు ఏఓపీ. నాడుల సందేశాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైము ఆగిపోవడంతో మొదలై మరణంతో ముగిసే దారి అది. మొదటి మెట్టును ‘మాలిక్యులర్ ఇనీషియేటింగ్ ఈవెంట్’ అంటారు. మధ్య మెట్లు ‘కీ ఈవెంట్లు’. చివరిది ‘అడ్వర్స్ అవుట్‌కమ్’. రెండు మెట్ల మధ్య బాణం గీస్తే ఆ బాణానికి సొంతంగా ఒక పేజీ ఉంటుంది, దాన్ని కేఈఆర్ (కీ ఈవెంట్ రిలేషన్‌షిప్) అంటారు. కొత్తవాళ్లు మెట్లను వివరించడానికి వారాలు పెట్టి, బాణాల పేజీలను రెండు వాక్యాలతో సరిపెడతారు. చేయాల్సింది దీనికి తలకిందులుగా. ఎంజైము గురించి ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. ఎంజైము ఎంత తగ్గితే ఊపిరి ఆగుతుంది, ఎంతసేపట్లో ఆగుతుంది అన్నది ఒక్కచోట పోగేసి పెట్టిన బాణం పేజీలోనే దొరకాలి.

ఎడిట్ చేసేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, కీ ఈవెంట్ పేజీ ఉమ్మడి ఆస్తి అని. 12వ నంబరు ఈవెంట్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ నిరోధం. అది 16వ ఏఓపీకి ఒక్కదానికే చెందదు. ఆ ఎంజైముతో మొదలయ్యే ఇతర దారులు కూడా అదే పేజీని వాడుకుంటాయి. అక్కడ మీరు ఒక్క వాక్యం మారిస్తే దాన్ని వాడుకునే దారులన్నిటిలోనూ మారుతుంది. చేపల మీద పనిచేసేవాళ్లు తమకు తోచినట్టు ‘ఈ మార్పు చేపల మెదడులో జరుగుతుంది’ అని కుదిస్తే, మనిషి నాడీవ్యవస్థ మీద కట్టిన దారి కింద పునాది కదిలిపోతుంది. అందుకే కీ ఈవెంట్ పేజీలో ఆ ఒక్క మార్పు గురించే రాయాలి. దాని ముందు ఏముంది, తర్వాత ఏమవుతుంది అన్నది అక్కడ రాయకూడదు, ఆ సంగతి బాణం పేజీకి చెందుతుంది. ‘ఆర్గానోఫాస్ఫేట్ వల్ల ఎంజైము తగ్గుదల’ అని, మోనోక్రోటోఫాస్ లాంటి మందుల కోవ పేరు చేర్చి, ఈవెంటుకు పేరు పెట్టకూడదు. పేరులో రసాయనం వచ్చిందంటే, అదే ఎంజైమును ఆపే కార్బమేట్ అనే మరో కోవ మందుల మీద పనిచేసేవాళ్లకు ఆ పేజీ పనికిరాకుండా పోతుంది, వాళ్లు ఇంకో పేజీ సృష్టిస్తారు, రెండు దారులూ ఎప్పటికీ కలవవు. కొత్త ఈవెంట్ తెరిచే ముందు కనీసం నాలుగైదు మాటలతో వెతకండి: ఎంజైము పూర్తి పేరు, పొట్టి పేరు, ప్రక్రియ పేరు, ‘తగ్గుదల’, ‘నిరోధం’. ఈ వెతుకులాటకు అరగంట పడుతుంది. నకిలీ పేజీ పుట్టాక దాన్ని విలీనం చేయడానికి ఎందరితోనో మాట్లాడాలి.

ఈవెంటుకు ప్రక్రియ, వస్తువు, చర్య అని మూడు గడులుంటాయి. వీటిని సొంత మాటలతో నింపకూడదు, ముందే ఉన్న పదకోశాల నుంచి ఎంచుకోవాలి. ఎంజైము క్రియాశీలత ప్రక్రియ, ఎంజైము వస్తువు, ‘తగ్గింది’ అన్నది చర్య. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ, కంప్యూటర్లు ఒక దారిని ఇంకో దారితో కలపగలిగేది ఈ గడుల వల్లే.

ఇక ‘ఎలా కొలుస్తారు’ అనే విభాగం. మన ప్రాంతపు ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లు నిజంగా చేయూతనివ్వగలిగింది ఇక్కడే. ఎల్‌మన్ 1961లో ఇచ్చిన పద్ధతి పేరు రాసి ఊరుకుంటే చాలదు. ఎసిటైల్‌థయోకోలిన్ విరిగితే వచ్చే థయోకోలిన్ డీటీఎన్‌బీ అనే రసాయనంతో కలిసి పసుపు రంగునిస్తుంది, దాన్ని 412 నానోమీటర్ల దగ్గర చదువుతారు. రక్తంతో చేస్తే హీమోగ్లోబిన్ కూడా ఆ చుట్టుపక్కలే కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి 436 దగ్గర చదవడం మేలు. ప్లాస్మాలో ఉండే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్‌ను, ఎర్రకణాల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను కలిపేసి ‘కోలినెస్టరేజ్ తగ్గింది’ అని రాస్తే ఆ సాక్ష్యం ఈ ఈవెంటుకు చెల్లదు. ఆసుపత్రి రిపోర్టుల్లో తరచుగా కనిపించేది ప్లాస్మా లెక్కే. మందు తాగాడని చెప్పడానికి అది ఉపయోగపడుతుంది, నాడీ సంధుల్లో ఏం జరిగిందో చెప్పడానికి ఎర్రకణాల లెక్కే దగ్గర. మనుషుల్లో మామూలు విలువ మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది కాబట్టి, ముందటి కొలత లేకుండా ఒక్క కొలతతో శాతం తేల్చకూడదు.

కార్బమేట్ల విషయంలో ఇంకో చిక్కు. కార్బమేట్ పట్టు తాత్కాలికం. నమూనాను పలచబరిచి, గది వేడిలో పెట్టి, తీరిగ్గా చదివితే ఆలోపు ఎంజైము కోలుకుంటుంది, నిరోధం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. నమూనా మంచులో ఉంచారా, ఎంత పలచబరిచారు, ఎన్ని నిమిషాల్లో చదివారు అన్న వివరం లేని పత్రాన్ని కార్బమేట్ సాక్ష్యంగా పెట్టకండి. దీనికి ఎదురు చిక్కు చనిపోయిన పక్షులతో వస్తుంది. రోహిణి కార్తె ఎండలో చేలో పడి ఉన్న పిట్ట మెదడులో మందు లేకపోయినా ఎంజైము తగ్గుతుంది. శవం దొరికిన వేళ, అప్పటి ఉష్ణోగ్రత రాయని లెక్కను అనుమానంతోనే చూడాలి.

బాణం పేజీలో సాక్ష్యం మూడు కోణాల్లో నిలవాలి. పై మెట్టు (దారిలో ముందొచ్చేది) కింది మెట్టు కన్నా తక్కువ మోతాదులోనే, లేదా అదే మోతాదులో కనిపించాలి. కాలంలో ముందు రావాలి. పై మెట్టు కనిపించిన జీవుల సంఖ్య, కింది మెట్టు కనిపించిన సంఖ్యకు తగ్గకూడదు. దీనికి పట్టిక వేయడం ఉత్తమం: అడ్డంగా కీ ఈవెంట్లు, నిలువుగా పెరిగే మోతాదులు, ప్రతి గడిలో మార్పు ఎంత, ఎన్ని గంటలకు. ఆ పట్టిక వేయగానే సాహిత్యంలోని లోపాలు బయటపడతాయి. చేప నాలుగో గంటకే చచ్చిపోయింది, ఎంజైమును కొలిచింది 24వ గంటకు బతికి ఉన్న చేపల్లో. అలాంటి లెక్కలో చచ్చిన చేపల ఎంజైము లేదు కాబట్టి నిరోధం తక్కువగా, మరణం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ పత్రాన్ని పక్కన పెట్టనక్కర్లేదు, అందులోని లోటును ‘అనిశ్చితులు, పొసగనివి’ అనే గడిలో రాయాలి.

క్లోర్‌పైరిఫాస్ దగ్గర చాలామంది పొరబడతారు. పరీక్షనాళికలో ఆ మందును నేరుగా ఎంజైము మీద వేస్తే ప్రభావం చాలా తక్కువ. కాలేయంలో ఆక్సాన్ అనే రూపానికి మారాకే అది ఎంజైమును బలంగా పడుతుంది. ఇది తెలియక ‘ఈ మందుకు ఈ దారి వర్తించదు’ అని రాసినవాళ్లున్నారు. దీనికి విరుగుడుగా ఆ మార్పిడినే దారిలో ఒక మెట్టుగా పెడదామనిపిస్తుంది, అదీ తప్పే. మందు ఒంట్లోకి వెళ్లడం, మారడం, బయటికి పోవడం ఏఓపీ దారిలో భాగం కావు. అది స్ట్రెసర్ వివరణలో ఉండాలి. బజారు సీసాతో చేసిన ప్రయోగమైతే అందులో ద్రావకాలు కూడా ఉంటాయి. జైలీన్ లాంటివి సొంతంగా హాని చేస్తాయి. మోతాదు రాసేటప్పుడు సీసా పరిమాణం కాకుండా అసలు పదార్థం శాతాన్ని, శుద్ధతను రాయాలి.

మన వైద్యులకు అనుభవంతో తెలిసిన విషయాలు ‘ఎసెన్షియాలిటీ’ విభాగంలో బంగారంలా పనికొస్తాయి. ఒక మెట్టును ఆపితే కింది మెట్లు ఆగాయా అన్నది అక్కడి ప్రశ్న. ఎట్రోపిన్ మస్కారినిక్ గ్రాహకాలను మూసేసి చొంగ, ఊపిరితిత్తుల్లో స్రావాలు తగ్గిస్తుంది, అంటే పోగుపడిన ఎసిటైల్‌కోలిన్‌కు ఆ లక్షణాలతో సంబంధముందనడానికి అది సాక్ష్యం. ప్రాలిడాక్సిమ్ ఎంజైమును విడిపిస్తుంది, కాకపోతే ‘ఏజింగ్’ (మందు ఎంజైముకు ఇక విడిపించలేనంతగా బిగుసుకుపోవడం) అయ్యేలోపే. డైమిథైల్ రకాల్లో సగం ఎంజైము ఏజింగ్ కావడానికి సుమారు 3.7 గంటలు, డైఇథైల్ రకాల్లో సుమారు 33 గంటలు. మోనోక్రోటోఫాస్ మొదటి కోవది, క్లోర్‌పైరిఫాస్ రెండోది. ఒకే మొదటి మెట్టున్న రెండు మందులు కాలక్రమంలో ఎందుకు వేరుగా నడుస్తాయో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఎదురు సాక్ష్యాన్నీ దాచకూడదు. ఈ ఎంజైము జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలు వెంటనే చావలేదు, బ్యుటిరైల్ ఎంజైము కొంత పని అందుకుంది. అది రాయని పేజీ బలహీనమైన పేజీ.

పరిమాణాల విభాగంలో పక్షుల లెక్క అందరూ వాడేది: మెదడు ఎంజైము మామూలు కన్నా 20 శాతం తగ్గితే మందు సోకినట్టు, చనిపోయిన పక్షిలో 50 శాతం మించి తగ్గితే మరణానికి అదే కారణమైనట్టు పరిగణిస్తారు. చేపల్లో 70 శాతం దాటినా బతికి ఈదినవి ఉన్నాయి. పక్షుల అంకెను చేపల కింద రాయడం చాలా సులువుగా జరిగే పొరపాటు. జాతి పేరు పక్కన లేకుండా శాతం రాయకండి.

మన చేల నుంచి వచ్చే సాక్ష్యాన్ని ఏ దారి కింద పెట్టాలో తేల్చుకోవడం ఇంకో మెలిక. 2021లో నల్ల తామరపురుగు మిరపను తుడిచిపెట్టినప్పటి నుంచి రకరకాల మందుల పేర్లు వినిపించాయి. పురుగుమందు అనగానే అన్నిటినీ కోలినెస్టరేజ్ కింద వేయలేం. ఫిప్రోనిల్, పాత రోజుల ఎండోసల్ఫాన్ మెదడులో నాడులను శాంతపరిచే గాబా గ్రాహకం మీద పనిచేస్తాయి. మూర్ఛలతో ముగిసే 10వ నంబరు ఏఓపీ అక్కడ చూడాలి. ఇమిడాక్లోప్రిడ్ నికోటినిక్ గ్రాహకాన్ని నేరుగా పట్టుకుంటుంది. రోటెనోన్ దారి మైటోకాండ్రియా కాంప్లెక్స్ 1 నుంచి పార్కిన్‌సన్ లక్షణాలకు వెళ్లే 3వ ఏఓపీ. ఆర్గానోఫాస్ఫేట్ల లోపలే ఇంకో వేరుదారి ఉంది: రెండు మూడు వారాల తర్వాత కాళ్లు చచ్చుబడే నరాల జబ్బుకు మొదటి మెట్టు ఎన్‌టీఈ అనే మరో ఎంజైము. రోగి ఒక్కడే, మందు ఒక్కటే, అయినా దారులు రెండు.

మిర్చి యార్డు గురించి కూడా చెప్పాలి. తొడిమలు తీసే కూలీల చేతుల మంట, దగ్గు చూసి 40వ ఏఓపీ కింద రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ దారి చర్మపు ఎలర్జీది. రసాయనం చర్మ ప్రొటీనుకు గట్టిగా అతుక్కోవడం దాని మొదటి మెట్టు. కాప్సైసిన్ మంట టీఆర్‌పీవీ1 గ్రాహకం ద్వారా వచ్చే మంట, ఎలర్జీ వేరు. ఈ 40వ దారి ఎందుకు ముఖ్యమంటే దాని మెట్లమీదే జంతువులు లేని పరీక్షలు నిలబడ్డాయి: ప్రొటీను అతుకుకు ఓఈసీడీ పరీక్షా మార్గదర్శకం 442సి, చర్మకణాల స్పందనకు 442డి, రోగనిరోధక వ్యవస్థకు చెందిన డెండ్రిటిక్ కణాలకు 442ఇ, ఈ పరీక్షల ఫలితాలను కలిపి తేల్చే 497 మార్గదర్శకం 2021లో. మంచి పేజీ ఎక్కడిదాకా పోగలదో చూపించే దారి అది.

లోటుపాట్ల సంగతి. పేజీల నాణ్యత సమానంగా లేదు. ఓఈసీడీ ఆమోదం పొందిన దారి పక్కనే, శీర్షిక తప్ప ఏమీ లేని దారి ఉంటుంది. పేజీలో స్థితి ఏమని రాసి ఉందో చూడకుండా ఉటంకించకండి. పరిమాణాల విభాగం చాలా చోట్ల ఖాళీ. అంతా ఇంగ్లిషే, తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులో రాసేవాళ్లకు భారమే. అత్యవసర విభాగంలో ఉన్న వైద్యుడికి దీనివల్ల ఆ నిమిషంలో ఉపయోగం లేదు, మోతాదులూ చికిత్సా ఇందులో వెతకకూడదు. పరిశోధన విద్యార్థికి, మందుల నియంత్రణలో పనిచేసేవారికి, లాం వైపు వ్యవసాయ పరిశోధనలో ఉన్నవారికి మాత్రం గట్టిగా సిఫారసు చేస్తాను.

మొదలుపెట్టేవాళ్లు కొత్త దారి జోలికి పోకుండా, ఉన్న దారిలో ఒక్క బాణం తీసుకోండి. ఏఓపీ డెవలపర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆ విభాగం చదవండి. ఎనిమిది పది పత్రాలతో పట్టిక విడిగా ఒక ఫైలులో సిద్ధం చేయండి. ఆ పేజీకి బాధ్యుడిగా పేరున్న వ్యక్తికి రాసి, ఏం మార్చదలచారో చెప్పండి. ఎడిట్ చేసే ముందు ఆ ఏఓపీ స్నాప్‌షాట్ దాచుకోండి, చేశాక ఇంకోటి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. మీ వాక్యం వల్ల పక్క దారుల్లో ఏం మారిందో అప్పుడు కనిపిస్తుంది.