అంచు టోపీ కొనేవారికి హెచ్చరిక: ముందు అమ్మే మనిషి వేళ్లను చూడండి

గడ్డితో అల్లే పనామా టోపీ అయినా, ఉన్ని లేదా బొచ్చును అదిమి చేసే ఫెల్ట్ టోపీ అయినా, చుట్టూ అంచున్న ఏ టోపీ అయినా కొనాలనుకుంటున్నవారు ఇది చదివాకే దుకాణంలో అడుగుపెట్టండి. మంచి డబ్బు పోసి కొన్న నా పనామా టోపీ ముందు నొక్కు దగ్గర చిట్లి ఉంది. చిట్లగొట్టింది దుకాణంవారి వేళ్లు. తప్పు మాత్రం కొన్నవారిదట, డబ్బు వెనక్కి ఇవ్వరట.

నెత్తిన పెట్టుకున్నప్పుడు టోపీకి ముందువైపు, పైభాగంలో రెండు పక్కలా లోపలికి నొక్కినట్టు రెండు సొట్టలు ఉంటాయి కదా, వాటినే నొక్కు అంటున్నాను. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలూ మధ్యవేలూ మరో పక్క సరిగ్గా ఇమిడిపోతాయి. పట్టుకోవడానికే చేసినట్టు కనిపిస్తుంది. సినిమాల్లో అందరూ అక్కడే పట్టుకుని టోపీ తీస్తారు. కానీ టోపీ మొత్తంలో అన్నిటికంటే బలహీనమైన చోటు అదే. అచ్చు మీద పెట్టి ఆవిరితో ఆకారం తెచ్చేటప్పుడు గడ్డి పోగులు అన్నిటికంటే బిగువుగా వంగేది అక్కడే. అక్కడ పట్టి ఎత్తితే టోపీ బరువంతా ఆ వంపు మీదే వేలాడుతుంది. ఎత్తినప్పుడల్లా వంపు కాస్త మూసుకుంటుంది, దించినప్పుడల్లా కాస్త తెరుచుకుంటుంది. ఎండిన గడ్డి ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ముందు ఒక పోగు తెగుతుంది. పక్క పోగుల మీద భారం పెరుగుతుంది. చివరికి నొక్కు కొసన చిన్న చీలిక తేలుతుంది.

నేను వెళ్లిన దుకాణంలో అమ్మే ఆయన వరుసగా నాలుగైదు టోపీలు తీసి చూపించాడు. ప్రతిదాన్నీ ఒంటిచేత్తో, ఆ నొక్కు దగ్గరే చిటికెతో పట్టి స్టాండు మీంచి లాగాడు. నా తల మీద పెట్టేటప్పుడూ అదే పట్టు, ఆపైన అరచేత్తో నెత్తి మీద ఒక అదుము. కొన్న టోపీని ఇంటికి తెచ్చి, కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తిపట్టి లోపలినుంచి చూశాను. మిగతా అల్లికంతా ఒకే తీరుగా, ఒత్తుగా ఉంది. ముందు నొక్కు కొసన మాత్రం సూదిమొనలంత వెలుతురు చుక్కలు, ఒకదాని వెనుక ఒకటి. వేలికొసతో తడిమితే తెగిన పోగుల మొనలు గుచ్చుకున్నాయి. ఆ టోపీని అప్పటికి నేను ఒక్కసారి కూడా పెట్టుకుని బయటికి వెళ్లలేదు.

వెనక్కి తీసుకువెళితే వచ్చిన సమాధానం ఇది: "నొక్కు పట్టుకుని ఎత్తితే ఇలాగే అవుతుందండీ. టోపీని అంచుతోనే పట్టుకోవాలని పెట్టెలో కార్డు మీద రాసి ఉంది. వాడకంలో వచ్చిన లోపానికి హామీ వర్తించదు." కార్డు తీసి చూస్తే నిజంగానే రాసి ఉంది! నియమం వారికి తెలుసు. తెలిసే రోజంతా, వచ్చిన ప్రతివారి ముందూ, ప్రతి టోపీనీ నొక్కు పట్టి ఎత్తుతున్నారు. ఆ మాట అడిగితే, డబ్బు ఇవ్వలేం, కావాలంటే మరొకటి మార్చుకోండి అన్నారు. మార్పిడికి తెచ్చిన టోపీని కూడా అక్కడి దీపానికి ఎదురుగా పట్టి చూశాను. దాని నొక్కు లోపలివైపు పారదర్శకమైన జిగురు పూసి ఉంది. చుట్టూ గడ్డికి మెరుపు లేదు, గోరంత మేర మాత్రం గాజులా తళతళలాడుతోంది. చిట్లిన టోపీకి జిగురు పూసి కొత్తదానిగా చేతిలో పెట్టడాన్ని పొరపాటు అనలేం.

ఈ కోపం నా డబ్బు గురించి మాత్రమే కాదు. పనామా టోపీ ఈక్వడార్ చేతిపని. టోకియా అనే మొక్క లేత ఆకులను సన్నగా చీల్చి, ఉడికించి, ఆరబెట్టి, పోగు పోగునూ చేత్తో అల్లుతారు. అక్కడి మోంటెక్రిస్టి పట్టణంలో తయారయ్యే అతి సన్నని అల్లికకు నెలల తరబడి పడుతుంది. ఆ నేతపనిని 2012లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంత ఓపికతో అల్లిన వస్తువు మన తలదాకా రాకముందే దుకాణం అరలో పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

కాబట్టి టోపీ కంటే ముందు అమ్మేవారి చేతిని చూడండి. తెలిసినవారు రెండు చేతులూ వాడతారు. ఒక చేయి ముందు అంచు మీద, ఇంకొకటి వెనుక అంచు మీద. వేళ్లు అడుగున, బొటనవేళ్లు పైన. బిగించి పట్టరు, ఆనించి పట్టుకుంటారు. ఒంటిచేత్తో ముందు అంచును మాత్రమే పట్టి లాగడం కూడా మంచిది కాదు, కొన్నాళ్లకు ముందు అంచు వేలాడిపోతుంది. పెట్టుకునేటప్పుడు ముందు భాగాన్ని నుదుటికి ఆనించి, వెనుక భాగాన్ని మెల్లగా కిందికి దించాలి. నెత్తి మీద అరచేత్తో అదమకూడదు. తీసేటప్పుడూ అదే పట్టు. అమ్మే మనిషి చేతుల్లో ఇది కనిపించకపోతే, ఆ దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ఏ టోపీనీ కొనకండి. పెట్టెలోంచి కొత్తది తీయమనండి. తీసేటప్పుడు కూడా చేతుల మీద కన్ను వేసి ఉంచండి.

ఏది ముందో ఏది వెనుకో తెలియకపోతే లోపల తలచుట్టూ ఆనే చెమట పట్టీ చూడండి. దాని అతుకు, చాలా టోపీల్లో అక్కడే ఉండే చిన్న ముడి, వెనక్కి రావాలి. మగవారి టోపీల్లో పైన రిబ్బను ముడి సాధారణంగా ఎడమవైపు ఉంటుంది. ఎదురుగా నిలబడి మన తలకు టోపీ పెట్టే దుకాణదారులు దీన్ని తరచు తారుమారు చేస్తారు. అలా పెడితే అంచు వాలు తప్పుతుంది, కొలత కూడా సరిపోనట్టు అనిపిస్తుంది. అప్పుడు "ఇంకో సైజు పెద్దది తీసుకోండి" అంటారు. తొందరపడకండి. సరిగ్గా తిప్పి పెట్టుకుని చూశాకే నిర్ణయించుకోండి. తల కొలతను చెవులకు కొద్దిగా పైన, నుదుటి మధ్య మీదుగా టేపు చుట్టి మీరే ముందుగా తీసుకుని వెళ్లండి. సెంటీమీటరు తేడాకే సైజు మారిపోతుంది. కాస్త వదులైతే చెమట పట్టీ వెనుక సన్నని స్పాంజి ముక్క దూర్చుకోవచ్చు. బిగుతైన టోపీని మాత్రం "వాడుతుంటే సాగుతుంది" అంటే నమ్మి తెచ్చుకోకండి. దాన్ని ప్రతిసారీ లాగి దించుకోవాలి, ఆ లాగుడంతా అంచు మీద పడుతుంది.

ఫెల్ట్ టోపీల్లో చీలిక వెంటనే కనిపించదు, అందుకే అక్కడ మోసపోవడం ఇంకా తేలిక. నొక్కు దగ్గర పదే పదే వేళ్లు పడితే వేళ్ల జిడ్డు పట్టి నల్లబడుతుంది, మడత పదునెక్కుతుంది, ఫెల్ట్ పలచబడుతుంది, చివరికి చిల్లు పడుతుంది. లేత రంగు టోపీ అయితే నొక్కుకు రెండు పక్కలా వేలిముద్ర మరకలు వెతకండి. ఉంటే అది ఎందరి చేతుల్లోనో నలిగిన టోపీ. కుందేలు బొచ్చుతో చేసిన ఫెల్ట్ కంటే ఉన్ని ఫెల్ట్ త్వరగా ఆకారం కోల్పోతుంది, వానకు తడిస్తే మరీను. రెండింటినీ ఒకే మాటతో "అసలు ఫెల్ట్" అని అమ్ముతారు. దేనితో చేశారో బిల్లు మీద రాయించుకోండి.

పనామా టోపీని మన కళ్ల ముందే గొట్టంలా చుట్టి, మళ్లీ విప్పి "చూశారా, అసలైనది" అని చూపించేవారు ఉన్నారు. ఆ చుట్టిన టోపీని ఎట్టి పరిస్థితిలోనూ కొనకండి. చుట్టడానికి వీలుగా నడినెత్తిన గీతలా మడత ఉంచి చేసే రకం వేరే ఉంది. దాన్నయినా పదే పదే చుట్టకూడదు, చుట్టి దాచిపెట్టకూడదు. ముందు నొక్కు ఉన్న టోపీని చుట్టడమంటే, తెగబోయే చోటును చేతులారా తెంపడమే.

అరలో ఎలా పెట్టారో కూడా గమనించండి. అంచు మీద బోర్లించి వరుసగా పేర్చిన టోపీల అంచులు బరువుకు చదునైపోతాయి. మేకుకు తగిలించినవాటికి నెత్తిన సొట్ట పడుతుంది. టోపీని వెల్లకిలా, నెత్తి భాగం కిందికి వచ్చేలా పెట్టాలి. ఎండ నేరుగా పడే అద్దాల అరలో ఉన్నవాటి జోలికి వెళ్లవద్దు. ఆ వేడికి తోలు చెమట పట్టీ కుంచించుకుపోతుంది, గడ్డి మరింత పెళుసెక్కుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా ఇదే గతి.

దుకాణం వదలకముందే టోపీని వెలుతురుకు ఎదురుగా పట్టి, నొక్కు లోపలివైపు ఫోనుతో ఫొటో తీసుకోండి. బిల్లు మీద తేదీతో పాటు "చీలికలు లేవు, జిగురు పూత లేదు" అని రాయించి సంతకం తీసుకోండి. రాయడానికి నసిగితే టోపీ అక్కడే ఉంచి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయండి, నొక్కు మీద వెలుతురు పడే కోణంతో సహా. నేను తీసిన ఫొటోలూ, ఆ కార్డూ, బిల్లూ జతచేసి దుకాణం యజమానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు ఇంకా రాలేదు. ఆయన సమాధానం రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను.